పాత యిండ్ల గోడలలోని పేరులేని రంధ్రములు

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములలో గత కొన్ని దశాబ్దులుగా పాత యిండ్లు ఒకటొకటిగా నేలకొరగుచు, వాని స్థానమున బహుళాంతస్తుల భవనములు లేచుచున్నవి. మిగిలిన కొన్ని యిండ్లును ఉద్యోగపరీక్షలకు చదువుకొను విద్యార్థుల వసతికై చిన్న చిన్న గదులుగా విభజింపబడుచున్నవి. ఇట్లు గోడ పగులగొట్టినపుడు గాని, గచ్చు తీసినపుడు గాని, సున్నపుపూత రాలినపుడు గాని ఇంటివారికే తెలియని వింతలు కొన్ని బయటపడుచుండును. ఎటును తెరచుకొనని తలుపుచట్టము, పైకప్పునకు జానెడు దిగువ గోడలో పిడికిలి పట్టునంత రంధ్రము, దూలమునకు దిగగొట్టిన ఇనుపకడియము, పెరటి వెనుకగోడలో నేలకు ఆనియున్న మూరెడు ఎత్తు గవిని - ఇట్టివి. ఇంటివారు పురోహితుని గాని వాస్తుపండితుని గాని పిలిచి చూపుదురు. "ఏదో వాస్తుకొఱకు పెట్టియుందురు" అను సమాధానము సాధారణముగా లభించును. ఈ సమాధానము శాస్త్రదృష్టిచే ఎంతవరకు నిలుచునో విచారింపవలసియున్నది.

ముందుగా ఈ యిండ్లు ఎవరివో తెలియవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెను. 1911లో ప్లేగు వచ్చెను. ఇరుకుసందుల పాతబస్తీలను విప్పి, గాలి వెలుతురు గల వీధులను తీర్చుటకై 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. జనులు "సి.ఐ.బి." అని పిలిచినది దానినే. మూసీకి ఉత్తరమున తోటలుగాను పల్లెలుగాను ఉండిన భూములపై క్రమముగా ఇండ్లు లేచినవి. జిల్లాల నుండి వచ్చిన తెలుగు వకీళ్లు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఈ దిక్కున స్థిరపడిరి. మాడపాటి హనుమంతరావు కృషిచే 1928లో వెలసిన తెలుగు బాలికల పాఠశాల నారాయణగూడకు ఇచ్చిన గౌరవము తెలిసినదే. 1956 తరువాత కోస్తా జిల్లాలవారును వచ్చి చేరిరి.

అందుచే ఇక్కడి పాత యిల్లు ఒకే అచ్చున పోసినది కాదు. మండువా లోగిలి అలవాటు తెలుగువారిది. మగవారికి, ఆడువారికి వేర్వేరు ప్రవేశములుంచు ఘోషామర్యాద దక్కనీ పెద్దయిండ్లది. చుట్టును వరండా, నడుమ ఎత్తైన హాలు కంటోన్మెంటు బంగళాలది. ఒక్క ఇంటిలోనే "అర్ర", "సాయమాను", "దలాను", "వరండా" అను మాటలు కలిసి వినబడుటకు కారణమిదియే. ఇట్టి యింటి ప్రతి భాగమునకును మయుని యందో విశ్వకర్మ యందో మూలము వెదకుట, ముత్యాలసరమునకు పింగళసూత్రములలో గణములు వెదకుట వంటిది.

శాస్త్రము చెప్పినదేమి? ఇంటియందు దాగియుండు వస్తువులను గూర్చి వాస్తుగ్రంథములలో విచారము రెండు తెఱగుల నడచినది. ఉండరానిది శల్యము, ఉంచవలసినది గర్భము. వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్యాధ్యాయమున శల్యజ్ఞానము చెప్పబడినది. గృహపతి ఆ సమయమున తన శరీరమున ఏ యవయవమును గోకికొనునో, వాస్తుపురుషుని ఆ యవయవస్థానమున భూమిలో శల్యమున్నదని గ్రహింపవలెను. కొయ్యయైనచో ధనహాని, ఎముకయైనచో పశుపీడ, ఇనుమైనచో శస్త్రభయము, పుఱ్ఱెయో వెండ్రుకలో అయినచో మృత్యువు ఫలములు. ఇక గర్భవిన్యాసము మయమతమున ప్రత్యేకాధ్యాయముగా నున్నది. అరలు గల పేటికలో రత్నములు, లోహములు, ధాన్యములు మొదలగువానిని విధిపూర్వకముగా నుంచి కట్టడమున నిక్షేపించుట అందలి విషయము. తెలుగునాట ద్వారబంధము నిలుపునపుడు గడపక్రింద నవరత్నములు, నవధాన్యములు, నాణెములు, రాగిరేకుపై వ్రాసిన మత్స్యయంత్రము ఉంచు ఆచారము ఈ భావమునకు దగ్గరిది.

ఈ రెండింటి యందును గమనింపదగినది ఒకటి కలదు. శల్యమైనను గర్భమైనను కంటికి కనబడునది కాదు. శల్యమును త్రవ్వి తీసివేయుదురు, గర్భమును కప్పివేయుదురు. గోడపై కనబడునట్లు, చేతికి అందునట్లు విడువబడిన రంధ్రము ఈ రెండింటిలో దేనికిని చెందదు. గడప తీసినపుడు క్రింద రాగిరేకు దొరికినచో అది శాస్త్రవిషయము. గోడలో కన్నము కనబడినచో అది నిత్యజీవనవిషయము. ఈ విభాగమును మొదటనే చేసికొన్నచో సందేహములలో సగము తొలగును.

కన్నము కనబడగానే నిధి యున్నదని తలచువారును లేకపోలేదు. నిధి దొరికినపుడు రాజున కెంత, దొరికినవాని కెంత అను విచారము యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున నున్నది. దానిపై విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో వ్యాఖ్యానించెను. ఆ ధర్మశాస్త్రమును 13వ శతాబ్దిలో కేతన తెలుగున విజ్ఞానేశ్వరమను పేర రచించెను. ఆంగ్లేయులు చేసిన 1878 నాటి నిధి చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవాడు కలెక్టరుకు తెలుపవలెను. ఉద్యోగులును వకీళ్లును కట్టుకొన్న ఈ యిండ్లలో అంతటి నిధులకు అవకాశము తక్కువ. గోడ కూల్చువారి ఉత్సాహమునకు మాత్రము కొదువలేదు.

ఇక ఒక్కొక్కదానిని చూతము. హాలు గోడలలో మనిషి ఎత్తున వరుసగా కనబడు చదరపు గుంటలు కొయ్యమేకులు ఊడిపోయిన చోటులు. వీనికి తెలుగున చిలుకకొయ్యలని పేరు. చిలుక ఆకారమున చెక్కి గోడలో దిగగొట్టి, వానికి ఉత్తరీయములు, గొడుగులు, సంచులు తగిలించెడివారు. సంస్కృతమున ఇదియే నాగదంతము. వాత్స్యాయనుడు నాగరకుని గదిని వర్ణించుచు వీణను తగిలించినది నాగదంతముననే. కామసూత్రమును పాఠముగా చెప్పువారు ఈ శబ్దమునకు ఏనుగుదంతమని చెప్పి ఊరకుందురు. విద్యార్థి దంతపు వస్తువునేదో ఊహించుకొనును. నారాయణగూడలోని పాతయింటి చిలుకకొయ్యను ఒకసారి చూపినచో వ్యాఖ్యానముతో పని లేదు.

గుమ్మమున కిరుప్రక్కల పైన కమానుగా తీర్చిన చిన్న గూడు దిగూడు. "దిగుట్లో దీపము" అను వాడుకయందు ఆ మాట నిలిచియున్నది. గూటి పైభాగమున మసి, అడుగున నూనెజిడ్డు ఉన్నచో సందేహమక్కరలేదు. ఇంటికప్పు క్రింద వెలుపలిగోడలో సమాన దూరమున వరుసగా నుండి, పిచ్చుకలకు నిలయములైన కన్నములు పరంజాకర్రలు నిలిపినవి. కట్టుడు ముగిసిన పిదప పూడ్చుట మరచిరి. దూలమునకు వ్రేలాడు జంటకడియములు ఉయ్యాలబల్లవి. అరుగుబండపై చెక్కిన గీతలు యంత్రములు కావు. అవి పులిజూదపు గళ్లు. వంటయింటి నేలలో గుండ్రని రాతిగుంట పాతిన రోలు. పెరటిగోడలోని చిన్న చిన్న అరల వరుస పావురములకు కట్టినది. అమరసింహుడు పురవర్గమున కపోతపాలికకు చెప్పిన విటంకశబ్దమును ఇచ్చట అన్వయింపవచ్చును.

గోడను చదువుట యను విద్య మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. మృచ్ఛకటికమున మూడవ యంకములో శర్విలకుడు కన్నము వేయుటకు ముందు గోడ దేనితో కట్టబడినదో పరీక్షించును. కాల్చిన యిటుకలైనచో లాగవలెను, పచ్చియిటుకలైనచో కోయవలెను, మట్టిముద్దలైనచో తడుపవలెను, కొయ్యయైనచో చీల్చవలెను. చోరుని శాస్త్రమే అయినను పద్ధతి ఉత్తమమైనది. ముందు పదార్థము, పిదప ఆకారము. నేటి పరిశోధకుడును మొదట చూడవలసినది గానుగసున్నమా, సిమెంటా యనునదే. సున్నపుగోడలో సిమెంటుపూత పడిన చోట ఏదో తరువాతికాలమున మూయబడినదని తెలియును.

మూయబడిన ద్వారముల సంగతి ఇట్లే తేలును. ద్వారమునకు ఎదురుగా చెట్టు, మూల, నుయ్యి, స్తంభము, నీటికాలువ ఉన్నచో వేధదోషమని బృహత్సంహిత చెప్పినమాట నిజము. ఆ వెంటనే, ఇంటి యెత్తునకు రెట్టింపు దూరమున నున్నచో దోషము లేదనియు చెప్పినది. ఈ రెండవమాటను వాస్తుపండితులు తరచుగా విడిచిపెట్టుదురు. ఈ ప్రాంతమున మూయబడిన పాత తలుపులను పరిశీలించినచో కారణములు వేఱుగా కనబడును. కమాను సరిగా సగమునకు తెగి, మిగిలిన సగము ప్రక్కవాటాలో నున్నచో అది అన్నదమ్ముల పంపకము. లోపలి దలాను నుండి ప్రక్కసందులోనికి తెరచుకొనుచుండి మూయబడినచో అది ఘోషాస్త్రీల ప్రవేశమై, ఆచారము సడలిన పిదప అక్కఱ తీరినదై యుండవచ్చును. సిమెంటుతో పూడ్చబడి, తూర్పునకో ఈశాన్యమునకో క్రొత్త గుమ్మము తెరువబడినచోటనే వాస్తుభయమును శంకింపవలెను. అదియు ప్రాచీనాచారము కాక ఇటీవలి దశాబ్దుల వాస్తువ్యామోహము కావచ్చును.

అశోక్‌నగర్‌లో హుస్సేన్‌సాగరు మిగులునీటి నాలాకు సమీపముననున్న పాత యిండ్ల ఎత్తైన పునాదులను గూర్చి ఒక మాట. వీనిని దర్పమునకు కట్టినవనుకొందురు. 2000 ఆగస్టులో కుండపోతగా వాన కురిసి ఆ నాలా పొంగినపుడు లోతట్టు యిండ్లు మునిగినవి. ఎత్తైన అరుగు ఎందుకో ఆ వానయే చెప్పెను.

పైకప్పునకు దిగువ గోడలో పిడికిలి పట్టు రంధ్రము మరికొంత విచారమునకు పాత్రమైనది. కొన్నిచోట్ల దాని అంచున నున్నని కొయ్యకప్పీ గాని, త్రాడు రాపిడిచే అరిగిన గాడి గాని ఉండును. ఇది పంకా లాగు త్రాడు పోవు దారి. హాలులో దూలము నుండి వ్రేలాడదీసిన గుడ్డపంకాకు కట్టిన త్రాడు ఈ కన్నము గుండ వెలుపలి వరండాలోనికి పోవును. అచ్చట కూర్చుండి ఒక మనిషి దానిని లాగుచుండును. 20వ శతాబ్ది ప్రథమార్ధమున విద్యుత్తు క్రమముగా ఇండ్లకు వ్యాపించిన పిదప ఈ పనికి అవసరము తీరినది. కావ్యములలో వ్యజనమును వీచు చామరగ్రాహిణి రాజు ప్రక్కనే నిలుచుండును. కవి ఆమెను వర్ణించును. పంకా లాగువాడు గోడకు ఆవల నుండును. గాలి మాత్రమే లోపలికి వచ్చును. రంధ్రము ఉద్దేశమే ఆ మనిషి కనబడకుండుట.

దీనికంటెను ముఖ్యమైనది, ఎక్కువగా అపార్థము చేసికొనబడుచున్నది పెరటి వెనుకగోడలోని మూరెడు గవిని. కొందరు దీనిని సొరంగపు ముఖమందురు. కొందరు నైరృతిమూల గాలికై విడిచినదందురు. కొందరు కుక్కల దారి యనుకొందురు. సున్నము వేసి, గూడుగా మార్చి, అందులో దీపము పెట్టుటయు అసంభవము కాదు.

ఆ గవినికి పైననుండు గదిని చూచినచో సంగతి తెలియును. పెరటి చివర, ఇంటినేలకంటె ఎత్తున, మూడు నాలుగు మెట్లెక్కి పోవలసిన ఇరుకుగది అది. నేటి అద్దెదారులు ఆ మెట్లెందుకో తెలియక అచ్చట పాతసామాను వేయుదురు. అది నీరు పోయు ఏర్పాటు లేని పాయఖానా. ఎత్తున పీటబండ, బండలో రంధ్రము, దాని క్రింద రేకుడబ్బా గాని వాలుబండ గాని ఉండును. గవినికి వెలుపలివైపున రేకుతలుపు. వెలుపల ఇండ్ల రెండు వరుసల వెన్నులకు నడుమ సన్నని గల్లీ. ఉదయముననే ఆ గల్లీలో ఒక మనిషి - పెక్కుచోట్ల స్త్రీ - ఇనుపరేకు, బుట్ట పట్టుకొని వచ్చి, వంగి, ఆ తలుపు తీసి, లోపలి మలమును గీచి ఎత్తుకొని పోయెడిది. ఇంటిలోనికి రాదు. ఇంటివారికి ముఖము చూపదు. వీధిగుమ్మమున కనబడదు. ఆ గల్లీ ఏర్పడినదే ఆమె వీధిలో నడువకుండుటకు.

గుర్తించు లక్షణములు స్పష్టములు. గవిని పాయఖానా నేలకు దిగువగా నుండును. లోపలిబండ వెలుపలికి వాలియుండును. తలుపుచట్టము గల్లీవైపుననే యుండును, పెరటివైపున తెరచు సాధనమేదియు నుండదు. గాలికొఱకు విడిచిన గవాక్షము ఇట్లు నేలకు ఆనియుండదు. నగరమున 1930ల నుండి భూగర్భమురుగుకాలువలు క్రమముగా విస్తరించినను ఇంటింటికిని నీటి పాయఖానాలు వచ్చుటకు చాలకాలము పట్టెను. అవి వచ్చిన పిదప గవినులను ఇటుకలతో మూసిరి. గల్లీలను ఇరువైపుల ఇండ్లవారు పంచుకొని కలుపుకొనిరి. అందుచే నేడు గవిని తెరచుకొనిన చోట గల్లీకి బదులు ప్రక్కవారి వంటగది కనబడుట కలదు. సొరంగకథలకు ఇదియు ఒక కారణము కావచ్చును.

శాస్త్రములకు ఈ విషయము తెలియదా యన్నచో తెలియును. నివాసమునకు దూరముననే మలమూత్రవిసర్జనము చేయవలెనని మనువు చెప్పినది పల్లెజీవనమునకు తగినది. పట్టణమునకు అది చాలదు. కౌటిల్యుడు వాస్తుప్రకరణమున అవస్కరస్థానము, నీటికాలువ, నుయ్యి అను మూటిని గృహమునకు ఉచితమైన చోటననే కట్టవలెనని నియమించి, పురిటినాళ్ల నీటిగుంటకు పదిదినముల మినహాయింపు నిచ్చెను. పొరుగువారి బాధను దృష్టిలోనుంచుకొన్న ఈ విధానము అర్థశాస్త్రమున తృతీయాధికరణమున చూడనగును. ఇక అవస్కరశబ్దమును పాణిని సాధించిన తీరు వైయాకరణులకు తెలిసినదే. వర్చస్కార్థమున సుడాగమము వచ్చి అవస్కరమగును. సుట్టు లేనిచో అవకరము, ఊడ్చివేసిన చెత్త. ఒక్క సకారముచే చెత్తకును మలమునకును భేదము చూపిన వ్యాకరణము మనది. అవకరము అమరకోశమున చీపురుతో కూడ పురవర్గమున నున్నది. అవస్కరము మనుష్యవర్గమున శరీరమలములలో నున్నది. చీపురు ఇంటిలోని వస్తువు. మలము దేహమునకు సంబంధించినది. దానిని ఎత్తిన చేయి ఏ వర్గముననున్నదో వెదకుడని విద్యార్థులను అడుగవచ్చును.

తెలుగుమాటలును అట్లే తప్పించుకొని తిరిగినవి. దొడ్డి యనగా పెరడు. "దొడ్డికి పోవు" అన్నపుడు అర్థము మాఱినది. మరుగుదొడ్డి యనుటలో దాచుట రెండింతలైనది. పాయఖానా పారసీకమున కాలుపెట్టు చోటు. సంస్కృతము నుండి వచ్చిన శౌచాలయము శుద్ధినే చెప్పును, అశుద్ధిని చెప్పదు. ఏ మాటయు పనిని చెప్పదు. గోడయు అట్లే మూయబడినది.

ఇది గతించిన ముచ్చట కాదు. మలమును చేతితో ఎత్తించుటను, నీరులేని పాయఖానాలను కట్టుటను నిషేధించు చట్టము 1993లో వచ్చినది. అది చాలక 2013లో మఱియొక చట్టము చేయవలసివచ్చెను. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చెను. ఈ ఉద్యమమునకు సారథులైనవారిలో ప్రముఖుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారుగనుల వద్ద ఈ పనియే చేసిన తెలుగు కుటుంబమున జన్మించినవాడు. 2016లో రామన్ మెగసెసే పురస్కారమును పొందెను. ఆయనతో కలిసి నడచిన ఎస్.ఆర్. శంకరన్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమున ఉన్నతాధికారిగా పేరొందినవాడు. కావున ఒక గవినికి "వాస్తుకొఱకు" అని పేరు పెట్టుట చిన్న పొరపాటు కాదు. పండితుడు తన శాస్త్రగౌరవముచే ఆ మాట అన్నపుడు, అచ్చట ఏండ్ల తరబడి వంగిన మనిషిని రెండవమాఱు గోడలో మూసినట్లగును. శాస్త్రమునకును అది అపచారమే. శాస్త్రము చెప్పని దానిని శాస్త్రముపై మోపుట కదా!

ఈ యిండ్లు పోవుచున్నవి గనుక ప్రాచ్యకళాశాలల పరిశోధకులు చేయదగిన పని కలదు. కూల్చుటకు ముందు గోడలలోని రంధ్రముల కొలతలు, ఎత్తు, దిక్కు, లోపలి వాలు వ్రాసికొనవలెను. ఇంటిలోని వృద్ధస్త్రీలు దానిని ఏ మాటతో పిలిచిరో అడుగవలెను. పురుషులకు హాలులోని మాటలు తెలియును, పెరటిమాటలు స్త్రీలకే తెలియును. అంతకంటె ముఖ్యముగా, ఆ గల్లీ వైపున పనిచేసిన కుటుంబములవారిని అడుగవలెను. గోడకు రెండువైపులును ఉన్నవి. ఇంతవరకు ఒకవైపు వారినే అడుగుచు వచ్చినాము.

మఱియొక ఆధారము క్రయపత్రములు. నిజాంపాలనకాలమున రాజభాష ఉర్దూ గనుక పాతపత్రములు చాలవఱకు ఆ భాషలో నుండును. నేటి వారసులకు చదువరాక పెట్టెలలో పడియున్నవి. ప్రతి పత్రమునకును చతుస్సీమలుండును. తూర్పున రస్తా, దక్షిణమున ఫలానావారి ఇల్లు అని వ్రాసిన హద్దులలో వెనుకవైపున "గల్లీ" యను మాట యున్నదో లేదో చూడవలెను. నేడు ఆ గల్లీ భూమిపై లేకపోవచ్చును. ఉర్దూ తెలిసిన అధ్యాపకుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ పత్రమును చదివించి, హద్దును కొలిచి, గోడలోని గవిని ఎదుట నిలిచి సరిచూచికొన్నచో, అది దేనికో చెప్పుటకు మయమతము తెరువనక్కరలేదు.